మా ఆయా కుట్టిన ఇరవై నాలుగు జేబులు

మా మనవరాలి బడి నుంచి మొన్న నా కూతురి ఫోనుకి ఒక ఆజ్ఞ వచ్చింది. క్రిస్మస్ ముందు ఇరవై నాలుగు రోజులకీ ఇరవై నాలుగు జేబులున్న గుడ్డ క్యాలెండరు ప్రతి పిల్లా తెచ్చుకోవాలట. రోజుకో జేబు తెరిచి అందులో ఉన్న మిఠాయి తింటూ పండగ కోసం ఎదురుచూడాలట. ఫెల్టుతోనే చెయ్యాలట. కింద పెద్దక్షరాలతో ఇంకో ముక్క: ఇంట్లో అమ్మమ్మగానీ నానమ్మగానీ చేత్తో కుట్టినదై ఉండాలి, కొన్నది పనికిరాదు. అమ్మమ్మలూ నానమ్మలూ లేని పిల్లలు ఏ గంగలో దూకాలో రాయలేదు. నా కూతురు ఆ ఆజ్ఞ చదివిన రెండు నిమిషాల్లో ఫోనులోనే ఒకటి కొనేసి, వచ్చాక చీటీ కత్తిరించేస్తే సరిపోతుందంది. నాకు ఒళ్ళు మండింది. డెబ్బై ఏళ్ళ అమ్మమ్మని ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టుకుని బజారు అమ్మమ్మని తెప్పించుకుంటారా అని అరిచి, నేనే కుడతానన్నాను. అది నన్ను ఎగాదిగా చూసి, "సరేలేమ్మా, కాస్త వంకరటింకరగా కుట్టు. నువ్వు మరీ నీటుగా కుడితే కొన్నదనుకుంటారు" అంది. దాని పెంపకం నాదే కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు.

ఫెల్టు కోసం కోఠీ వెళ్ళాను. కొట్టతను రంగురంగుల ముక్కలు బల్ల మీద పరిచాడు. ముట్టుకుంటే చేతికి ప్లాస్టిక్కు తగిలింది. "ఇది ఊలేనా బాబూ?" అని అడిగితే, "ఊలేంది అమ్మా, గిది ఫెల్టు. కడిగినా ఏం గాదు, పురుగు గూడ ముట్టది" అన్నాడు గర్వంగా. పురుగు కూడా ముట్టని గుడ్డని పసిపిల్ల కోసం కొనుక్కుని, తిరిగొచ్చేటప్పుడు ఆటోని ఆబిడ్స్ మీదుగా పొమ్మన్నాను. మా పాత కాన్వెంటు గోడ కనిపించింది. అప్పటికన్నా ఎత్తు పెంచారు, రంగు మార్చారు. ఆ గోడ వెనకాల ఎనిమిదేళ్ళ వయసులో నేనొక అబద్ధం చెప్పాను. పదేళ్ళ పైన దాన్ని పోషించాను. మా అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు, ఇప్పుడు చెప్పినా వీపు విమానం మోత మోగించేవాళ్ళు లేరు కాబట్టి చెప్తున్నాను.

మేము నాంపల్లిలో స్టేషన్‌కి దగ్గర్లో ఒక పాత ఇంట్లో వెనక భాగంలో కిరాయికి ఉండేవాళ్ళం. రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు ఫైళ్ళతో పాటు గుమాస్తాలనీ తరలించారు, ఆ గుమాస్తాల్లో మా నాన్న ఒకరు. ఇంటివాళ్ళు తరాలుగా హైదరాబాదువాళ్ళు. ఇంటాయనకి ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం, చింతపండు టోకు దుకాణం. ఆయన భార్య అంబుబాయమ్మ. మనిషి భారీ, మాట అంతకన్నా భారీ. ఆ ఇంటి వాసన నాకిప్పటికీ ముక్కులోనే ఉంది. ముందు వాకిట్లో చింతపండు వాసన, వెనక మా వంటింట్లో ఇంగువ వాసన, మధ్యలో రైలింజన్ల బొగ్గు పొగ. ఉతికి ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిద రంగుకి తిరిగేది. మా అమ్మ రోజూ ఆ బట్టల్ని దులుపుతూ బందరుని తలుచుకుని నిట్టూర్చేది. బందర్లో ఉన్నన్నాళ్ళూ ఉప్పు గాలిని తిట్టేదని అమ్మమ్మ నాతో రహస్యంగా చెప్పింది.

అమ్మమ్మ అంటే మా అమ్మ తల్లి, వెంకటసుబ్బమ్మ. మగపిల్లలు లేరు. తాతయ్య పోయాక ఉన్న ఒక్క కూతురి దగ్గరికి వచ్చింది. అల్లుడి ఇంట్లో ఉండడమంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. పెళ్ళికో పేరంటానికో వచ్చి నాలుగు రోజులుంటే అతిథి, నెలలు దాటితే పడి ఉండడం. మా నాన్న ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడాన్ని నెలకొకసారైనా అందరికీ గుర్తుచేసేవారు. "నేనేమైనా అన్నానా?" అనేది ఆయన ఊతపదం. అత్తగారు అల్లుడి ఎదుట పడకూడదు, నేరుగా మాట్లాడకూడదు కాబట్టి ఆ ఇద్దరి మధ్యా వంటింటి తలుపు ఉండేది. తలుపుకి ఇటు నుంచి ఆవిడ "అమ్మాయీ, అల్లుడుగారికి మజ్జిగ కావాలేమో అడుగు" అనేది. అటు నుంచి ఆయన "మీ అమ్మగారిని పంపమను" అనేవారు. మూడడుగుల దూరంలో ఉన్న ఇద్దరి మాటల్ని మా అమ్మ మధ్యలో నిలబడి మోసుకెళ్ళేది. నాకు అదంతా మహా వింతగా ఉండేది, మా మనవరాలికి చెప్తే నమ్మదు.

తెల్లవారుజామునే లేచి, తల మీద చెంబులు గుమ్మరించుకుని, తడిబట్టతోనే గుడ్డలు ఆరేసి, మడి కట్టుకుని, ఇంటెడు చాకిరీ చేసేది అమ్మమ్మ. పప్పు రుబ్బడం, విసరడం, వడియాలు పెట్టడం, విస్తళ్ళు కుట్టడం. పొద్దు వాలితే చిరిగిన చీరలన్నీ పోగేసి బొంతలు కుట్టేది. ఆ బొంత కుట్టు చూసితీరాలి. చీమలు బారుకట్టినట్టు ఉండేది, ఒక్క చీమైనా దారి తప్పేది కాదు. ఇంత చేసినా బందరు నుంచి ఏ చుట్టమొచ్చినా కాళ్ళు కడుక్కుంటూనే వేసే మొదటి ప్రశ్న, "ఏం సుబ్బమ్మా, ఇంకా ఇక్కడేనా?" అప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయేదాన్ని. "ఏదో, ఈ చలికాలం పోనిచ్చి..." అని నసిగేది. ఆ చుట్టం మాత్రం మా ఇంట్లోనే పది రోజులు తిష్ఠ వేసి, మూడు పూటలా సుష్టుగా తిని, జేబునిండా జంతికలు పోసుకుని వెళ్ళేవాడు.

నన్ను కాన్వెంటులో వేశారు. మా నాన్నకి ఇంగ్లీషు అంటే అంత భక్తి. ఆబిడ్స్ దాకా నడిపించి తీసుకెళ్ళేది అమ్మమ్మే. దారిలో బేకరీ వస్తుందనగా నా చెయ్యి పట్టుకుని రోడ్డుకి అవతలి వైపుకి లాగేది, కోడిగుడ్డు వాసన తగిలితే మళ్ళీ స్నానం చెయ్యాలని. నేనేమో అటు తిరిగి ఆ వాసన గుండెలనిండా పీల్చుకునేదాన్ని. బడి గేటుకి ఇరవై అడుగుల ముందే "ఇక నువ్వెళ్ళు అమ్మమ్మా" అని పంపించేసేదాన్ని. కారణం అప్పుడు నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. మిగతా పిల్లలు కార్లలోంచి, రిక్షాల్లోంచి, చెవులకి ముత్యాలు పెట్టుకున్న తల్లుల పక్క నుంచి దిగేవారు. నా పక్కన జుట్టు తీయించిన తల మీద తెల్లచీర ముసుగు, మెడలో తులసిపూసలు, చెప్పుల్లేని కాళ్ళు.

మూడో తరగతిలో మాకు కుట్టుపని చెప్పేది సిస్టర్ బెనిటా. ఏ దేశమో తెలియదు, కోపమొస్తే మాకు తెలియని భాషలో గొణిగేది. ఒకరోజు ఆవిడ తన ఊరి నుంచి వచ్చిన కాగితపు క్యాలెండరు తెచ్చి చూపించింది. ఇరవై నాలుగు చిన్న చిన్న కిటికీలు. వాటిని చూసి మా నోళ్ళు తెరుచుకుపోయాయి. ఇలాంటిది ఫెల్టుతో, జేబులతో, ఇంట్లోవాళ్ళ సాయంతో కుట్టుకుని రమ్మంది. బాగున్నదాన్ని ప్రార్థన హాల్లో తగిలిస్తారు. అది ఎవరిదైతే ఆ పిల్లే రోజూ పొద్దున్న బడి అంతటి ముందూ వేదిక ఎక్కి జేబు తెరుస్తుంది. నాకింకేం అక్కర్లేకపోయింది. మూడేళ్ళుగా ఆ బడిలో నా పేరు సరిగ్గా పలికిన టీచరు లేదు. ఇరవై నాలుగు రోజులు వేదికెక్కుతానన్న ఆశతో నాకు జ్వరం వచ్చినంత పనైంది.

మా అమ్మ నా మాట పూర్తిగా వినకుండానే, "కిరస్తానీ పండగకి మనమెందుకే కుట్టడం?" అని కొట్టిపారేసింది. అమ్మమ్మ మాత్రం మొత్తం విని, "ఎవరి కోసం ఎదురుచూస్తారుటే?" అంది. దేవుడు పుట్టడం కోసమని చెప్పాను. "అయితే మన జన్మాష్టమి లాంటిదే. పాపం, మనకి ఒక్కరోజే, వాళ్ళకి ఇరవై నాలుగు. ఆ గుడ్డేమిటో చెప్పు" అంది. ఫెల్టు అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసిన మనిషి అంబుబాయమ్మ. "ఫెల్ట్ అంటే నమ్దా గదా! రూమీ టోపీల గుడ్డ. ఫికర్ జేయకు, నేను ఇప్పిస్త పా" అని చెప్పులేసుకుంది.

రూమీ టోపీ అంటే ఎర్రటి, బోర్లించిన గ్లాసు ఆకారంలో, పైన నల్ల కుచ్చు ఉండే టోపీ. మా వీధి చివర ఖాన్ సాబ్ అనే ముసలాయన వాటిని ఇత్తడి దిమ్మల మీద ఎక్కించి ఆవిరి పట్టేవాడు. అప్పటికే అవి పెట్టుకునేవాళ్ళు తగ్గిపోయి ఆయన కొట్లో పాత సరుకు పెట్టెలనిండా మూలుగుతోంది. అంబుబాయమ్మ ఒక టోపీ ఎత్తి వెలుతురుకి పెట్టి చూసి, "ఏంది ఖాన్ సాబ్, గీ టోపీలు మనుషులు పెట్టుకుంటలేరు గని పురుగులు పెట్టుకున్నట్టున్నయ్" అంది. ఆయన నొచ్చుకుని, "అమ్మా, అట్ల అనకుండ్రి. నవాబుల తలల మీద ఉన్న మాల్ ఇది" అన్నాడు. ఆ మాటకి అమ్మమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఎవరో పెట్టుకుని విడిచినవేమోనని ఆవిడ భయం. పెట్టుకోలేదని, కొత్తవేనని, పెట్టుకునేవాళ్ళుంటే ఇక్కడెందుకుంటాయని ఆయన వాపోయాడు. అమ్మమ్మ నేరుగా పరాయి మగాడితో మాట్లాడదు కదా, అంబుబాయమ్మ చెవిలో అడిగింది. అంబుబాయమ్మ బజారంతా వినబడేలా అడిగింది: "గిది గొర్రె ఊలేనా, లేకుంటే కుందేలు బొచ్చా అని అడుగుతుంది పెద్దమ్మ!"

"ఖసమ్‌గా ఊలే అమ్మా" అని ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. దాంతో అమ్మమ్మ మొహం విచ్చుకుంది. ఊలుకి మైల అంటదు. పట్టుబట్ట, ధావళి అనే ఊలుబట్ట ఎవరు ముట్టుకున్నా మడికి పనికొస్తాయి. కాబట్టి నవాబుల టోపీగుడ్డని ఆవిడ మడితోనే పట్టుకుని, మడితోనే కుట్టి, కావాలంటే దేవుడి గదిలో కూడా పెట్టుకోవచ్చు. బందరులో ఎంత శాస్త్రం తెలిసినవాళ్ళైనా ఈ తీర్పులో తప్పు పట్టలేరు. అయినా ఎందుకైనా మంచిదని ఇంటికొచ్చాక వాటి మీద పసుపునీళ్ళు చల్లింది.

టోపీలని నిలువునా కత్తిరిస్తే గుడ్డ సాపుగా పరుచుకోదు, తల ఆకారంలోనే మొండికేస్తుంది. అమ్మమ్మ వాటిని ఇడ్లీ గిన్నె మీద ఆవిరి పట్టి, సన్నికల్లు కింద రెండ్రోజులు అణిచిపెట్టింది. ఆ రెండ్రోజులూ మాకు పచ్చడి లేదు. వెనకాల వెయ్యడానికి పెద్ద గుడ్డ కావాలంటే నాన్న ఆఫీసులో బల్ల మీద పరిచే ఆకుపచ్చ గుడ్డ ఒకటి తెచ్చారు. పాతదైపోయిందని తీసేశారన్నారు, ఎవరు తీసేశారో చెప్పలేదు. ఎర్ర జేబులు, పచ్చ గుడ్డ. క్రిస్మస్‌కి అవే రంగులని మాలో ఒక్కళ్ళకీ తెలియదు. జేబు అంచులకి గుండీ కుట్టు, మీద అంకెలకి గొలుసు కుట్టు. ఇంగ్లీషు అంకెలు అమ్మమ్మకి వచ్చు, నన్ను బడికి తీసుకెళ్ళే దారిలో బస్సుల మీద చూసి నేర్చుకుంది. బస్సెక్కడం మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు.

పేచీ చివర్లో వచ్చింది. ఆవిడ పంచాంగం ముందేసుకుని కూర్చుని మూడో జేబునీ, పద్దెనిమిదో జేబునీ పైన కూడా కుట్టేసింది. తెరవడానికి లేదు. నేను లబోదిబోమన్నాను. "ఆ రెండు రోజులూ ఏకాదశే. అందులో రెండోది ముక్కోటి" అంది తాపీగా. "పిల్లలకి ఏకాదశి లేదుగా!" అని ఏడిచాను. "పిల్లలకి లేదు, దేవుడికి ఉంది. దేవుడొస్తున్నాడని ఎదురుచూస్తున్నామని నువ్వే అన్నావు. ఏకాదశి నాడు మిఠాయి చప్పరిస్తూ ఎదురుచూస్తారా ఎవరైనా?" అంది. ఎంత బతిమాలినా విప్పలేదు. మిగతా ఇరవై రెండు జేబుల్లో పటికబెల్లం, నువ్వుండలు, కిస్‌మిస్ పెట్టి, మూట కట్టి నా చేతికిచ్చింది. ఆవిడ మొహం ఎంత వెలిగిపోతోందో నేను చూశాను. చూడలేదని చెప్పను.

క్లాసులో బల్ల మీద అందరివీ పరిచారు. నా పక్కన కూర్చునే రోహిణి వాళ్ళ అమ్మ జనరల్ బజారు దర్జీతో కుట్టించింది, జిగేల్మనే చెమ్కీలు. సిస్టర్ ఒక్కొక్కటీ ఎత్తి చూస్తూ నా దాని దగ్గరికొచ్చింది. వేలు పెట్టి మూడో జేబు తెరవబోయింది. అది తెరుచుకోలేదు. పద్దెనిమిదోది కూడా తెరుచుకోలేదు. "ఇది కుట్టినవాళ్ళకి జేబంటే ఏమిటో తెలియదు!" అని రోహిణి కిసుక్కున నవ్వింది. క్లాసంతా నవ్వింది. సిస్టర్ నా వైపు తిరిగి, ఇంగ్లీషులో, ఎవరు కుట్టారు అని అడిగింది. నా చెవులు కాలిపోతున్నాయి. నా కళ్ళ ముందు గేటుకి ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డ ఆ తెల్ల ముసుగు మెదిలింది.

"మా ఆయా కుట్టింది సిస్టర్" అన్నాను.

ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే నా బతుకు వేరేగా ఉండేది. సిస్టర్ నవ్వలేదు. ఆ కుట్టు మీద వేలితో నిమురుతూ చాలాసేపు చూసి, ఈ రెండూ ఎందుకు మూసిందని అడిగింది. ఉపవాసమట సిస్టర్, దేవుడి కోసం ఎదురుచూసేటప్పుడు తినకూడదట, అన్నాను నీరసంగా. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన చిన్నప్పుడు తన ఊళ్ళో కూడా ఈ రోజుల్లో ఉపవాసాలుండేవాళ్ళని, ఇప్పుడు అందరూ మిఠాయిలే గుర్తుపెట్టుకున్నారని, ఈ సంగతి మీ ఆయాకి ఎవరు చెప్పారని అడిగింది. అదే హాల్లో తగిలించింది. నేను ఇరవై రెండు రోజులు వేదిక ఎక్కి పటికబెల్లం తిన్నాను. మిగతా రెండు రోజులూ వేదిక ఎక్కి, అందరితో పాటు మౌనంగా నిలబడ్డాను. పొద్దున్నే ప్రార్థనలో సిస్టర్ "శారద వాళ్ళ ఆయా" గురించి చెప్పింది. నా పేరు సరిగ్గానే పలికింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. బడికి సెలవులివ్వబోయే ముందు సిస్టర్ నాకొక బూడిదరంగు కంబళి, ఒక ఉత్తరం ఇచ్చింది. కంబళి బడిలో పనివాళ్ళందరికీ పండక్కి ఇచ్చేది. ఉత్తరం మా నాన్నకి. నేను దాన్ని చింపేసి ఉండాల్సింది, కానీ కాన్వెంటు కవరు చించడమంటే నరకానికి టిక్కెట్టేనని మాకు నూరిపోసి ఉన్నారు. నాన్న ముందు గదిలో కూర్చుని, అంబుబాయమ్మ ఏదో అప్పు పంచదారకి వచ్చి గుమ్మంలో నిలబడి ఉండగా, ఇంగ్లీషు ఉత్తరం చదివే అదృష్టం పట్టినందుకు గొంతు సవరించుకుని పైకి చదువుతూ తెలుగు చెప్పడం మొదలుపెట్టారు. "అయ్యా, మీ ఇంట్లో పనిచేసే ఆయా కుట్టుపని మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. మీకు అభ్యంతరం లేకపోతే ఆమెని శనివారాలు మా కాన్వెంటులో కుట్టుపనికి పంపగలరా, తగిన జీతం..."

వంటింటి తలుపు వెనకాల గాజుల చప్పుడు ఎలాగూ ఉండదు, విసనకర్ర చప్పుడు కూడా ఆగింది. మా అమ్మ నా జుట్టు పట్టుకుంది. "ఎవరే ఆయా? ఎవరే మనింట్లో ఆయా?" ఇంతలో తలుపు వెనక నుంచి అమ్మమ్మ గొంతు. "దాన్ని వదులు. జీతం ఇస్తారుటా? అల్లుడుగారిని అడుగు."

అమ్మ నా జుట్టు వదిలేసింది. నాన్న మొహం ఎర్రబడింది. "మీ అమ్మగారికి మతి పోయిందా? సర్కారు ఉద్యోగి అత్తగారు కాన్వెంటులో ఆయా పనికి వెళ్తుందా? నా పరువేం కావాలి?"

"అత్తగారని అక్కడెవరికి తెలుసుట?" అంది తలుపు. "మన శారద ఆయా అనే చెప్పిందిగా. ఆయా వెళ్తే అల్లుడుగారి పరువుకేం లోటు?"

అంబుబాయమ్మ పంచదార గిన్నె పట్టుకుని అక్కడే గుమ్మం మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. "వామ్మో! పెద్దమ్మ తలుపు ఎన్కకెళ్ళి వకీలు లెక్క మాట్లాడుతుంది గదా! పోనియ్యి సార్, గిట్ల ఇంట్ల కూసుని ఏం జేస్తది?" నాన్న, "నేనేమైనా అన్నానా?" అన్నారు. ఆ మాట ఆయన అన్నన్ని సార్లలో అది ఒక్కసారే నిజంగా ఓడిపోయి అన్నారు.

ఆ రాత్రి నేను అమ్మమ్మ పక్కలోకి దూరి ఏడ్చాను. ఆవిడ నన్ను తిట్టలేదు. అదే నాకు గుచ్చుకుంది. "చూడు, అబద్ధమాడావు, సరే. ఇక దాన్ని మధ్యలో వదిలేసి నా నోటి కాడ కూడు తియ్యకు. బళ్ళో నన్ను ఆయమ్మా అనే పిలువు. ఎక్కడైనా నోరు జారి అమ్మమ్మా అన్నావో, మీ నాన్న మర్నాడే మానిపించేస్తారు" అంది. నాకు వేసిన శిక్ష అనుకున్నాను. తర్వాత చాలా ఏళ్ళకి గానీ ఆవిడకి ఆ ఉద్యోగం ఎంత కావాలో తెలియలేదు.

శనివారాలు పొద్దున్నే మడిబట్ట కట్టుకుని, తన చెంబుతో తన నీళ్ళు తీసుకుని, ఊలు ఆసనం చంకలో పెట్టుకుని బయల్దేరేది. కాన్వెంటులో ఒక వరండా మూల ఆ ఆసనం పరుచుకుని, పూజపీఠం మీద పరిచే గుడ్డలకీ, సిస్టర్ల ముసుగులకీ అంచులు కుట్టేది. అక్కడ మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. సిస్టర్లంటే మాత్రం మహా ఇష్టం. "పాపం, వాళ్ళూ నాలాగే ముసుగేసుకున్నారే. జుట్టు కూడా తీయించేసుకుంటారుట. మొగుడు పోయాడా అని అడిగితే దేవుడే మొగుడంటారు. పోయే భయం లేని మొగుణ్ణి చేసుకున్నారు, తెలివైనవాళ్ళు" అనేది. సిస్టర్ బెనిటాతో ఏ భాషలో మాట్లాడుకునేవారో ఇప్పటికీ నాకు తెలియదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకోవడం చూశాను. నేను అటువైపు వెళ్ళాల్సి వస్తే "గుడ్ మార్నింగ్ సిస్టర్" అని, తర్వాత మెల్లిగా "ఆయమ్మా" అనేదాన్ని. "ఏం పాపా" అనేది అమ్మమ్మ, ఏ తొట్రుపాటూ లేకుండా. ఇంట్లో ఒక్కనాడూ నన్ను పాపా అనలేదు.

ఆ తర్వాత బందరు చుట్టం మళ్ళీ దిగాడు. కాళ్ళు కడుక్కుంటూ, "ఇంకా ఇక్కడేనా సుబ్బమ్మా?" అన్నాడు. "ఎక్కడికి రమ్మంటావురా? నాకు ఉద్యోగం ఇక్కడ" అంది. ఆయన చేతిలో చెంబు జారింది. నాన్న గబగబా కల్పించుకుని, కాన్వెంటు దొరసానులు బతిమాలి బతిమాలి కుట్టుపని నేర్పే టీచరుగా వేసుకున్నారని చెప్పారు. ఆ ముక్క బందరంతా పాకింది. అలా మా అమ్మమ్మ ఆబిడ్స్‌లో ఆయా, బందర్లో టీచరు. అసలు మనిషి మధ్యలో నాంపల్లిలో పప్పు రుబ్బుతూ ఉండేది.

ఇప్పుడు మా మనవరాలి క్యాలెండరు ముందేసుకుని కూర్చుంటే నవ్వొస్తోంది. ఆ రోజుల్లో అమ్మమ్మ కుట్టిందని చెప్పుకోవడం నామోషీ, ఈ రోజుల్లో అమ్మమ్మ కుట్టకపోతే నామోషీ. నేను సూది పట్టుకున్న ఫొటో ఒకటి తీసి పంపమన్నారట బడివాళ్ళు, రుజువుకి. ముడతలు బాగా కనబడేలా వెలుతురులో కూర్చోమంది నా కూతురు. కూర్చున్నాను. అమ్మమ్మలకి గిరాకీ ఉన్న కాలంలో అమ్మమ్మనైనందుకు సంతోషించాలో, నా దగ్గర కొనుక్కుంటున్నది ముడతలే అయినందుకు ఏడవాలో తెలియలేదు. మా మనవరాలు మాత్రం పక్కనే కూర్చుని, ప్రతి జేబులోనూ రెండేసి చాక్లెట్లు పడతాయో లేదో కొలుచుకుంటోంది. దానికి ఏకాదశి గురించి చెప్పే ధైర్యం నాకు లేదు.

నేను కోఠీలో ఆడపిల్లల కాలేజీలో చదువుతుండగా అమ్మమ్మ పోయింది. మూడు రోజులు జ్వరం, అంతే. ఆ శనివారం కాన్వెంటుకి వెళ్ళలేకపోయానని బెంగపడింది. ఇల్లంతా బందరు చుట్టాలు. ముందు గదిలో కూర్చుని, "ఎంత పేరు తెచ్చుకుంది, దొరసానులకి చదువు చెప్పింది" అని చెప్పుకుంటున్నారు. నాన్న తలవంచుకుని వింటున్నారు. అప్పుడు గేటు ముందు రిక్షా ఆగింది. సిస్టర్ బెనిటా, చాలా ముసలిదైపోయింది, చేతిలో తెల్లపూలతో దిగుతోంది. నాన్న నన్ను చూశారు. నేను లేచి పరుగెత్తుకెళ్ళి గేటు దగ్గరే ఆపేశాను. లోపల మడి, ఆచారం, రాకూడదు సిస్టర్, అన్నాను. ఆవిడ అర్థం చేసుకున్నట్టు తలూపి, పూలు నా చేతికిచ్చింది.

"మీ ఆయా లేని లోటు నీకు చాలా ఉంటుంది కదూ" అంది. నేను తలూపాను. ఇప్పుడైనా చెప్పాలని నోరు తెరిచాను, వెనకాల ముందు గది కిటికీలో బందరు తలకాయలన్నీ వరసగా కనిపించాయి. సిస్టర్ తన సంచీలోంచి గుడ్డలో చుట్టిన కత్తెర తీసింది. అమ్మమ్మ పదేళ్ళుగా అక్కడ వాడిన కత్తెర.

"ఆమెకి ఒక మనవరాలుంది, తెలుసా? కాలేజీలో చదువుతోందని, చాలా తెలివైనదని ఎప్పుడూ చెప్పేది. ప్రతి శనివారం ఆ పిల్ల కబుర్లే. ఎక్కడుంటుందని అడిగితే మాత్రం ఏనాడూ చెప్పలేదు. బహుశా తన అమ్మమ్మ ఆయా పని చేస్తుందని నలుగురికీ తెలిస్తే ఆ పిల్లకి బాధగా ఉంటుందనేమో. ఇది ఆ పిల్లకి అందజేయగలవా శారదా?"

నేను కత్తెర అందుకున్నాను. నా అంత పాపిష్టిది ఆ క్షణంలో నాంపల్లిలో ఇంకొకతె ఉండి ఉండదు.

"ఆ పిల్ల నాకు తెలుసు సిస్టర్" అన్నాను. "తప్పకుండా ఇస్తాను."